నీడలో కన్ను పెట్టి చూడండి

మా స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటో తీయించుకున్న ఒక పెద్దాయన మూడో రోజున మళ్లీ వచ్చారు. ఫొటో తిప్పి పంపారట. "చెవి వెనకాల నీడ పడిందంటమ్మా" అని కవరు బల్ల మీద పెట్టారు. తీసి చూస్తే నిజమే. కుడి చెవి వెనక, తెల్లటి గోడ మీద, ముదురు బూడిద రంగులో ఇంకో చెవి మొలిచినట్టుంది. అప్పటికి నాన్న మోకాళ్ల నొప్పులతో ఇంటిపట్టున ఉండిపోయి, స్టూడియో నా చేతికొచ్చి నెలన్నర. ఫ్లాష్ తగ్గించి చూశాను, నీడ పోలేదు, మొహం నల్లబడింది. పెంచి చూశాను, మొహంతో పాటు గోడా తెల్లబడి నీడ ఇంకా కొట్టొచ్చినట్టు కనబడింది. టెన్షన్‌తో నాన్నకు ఫోన్ చేశాను.

"లైటు దగ్గర నిలబడి ఏం తెలుస్తుందే? గోడ దగ్గరికెళ్లు. నీడ పడిన చోట కన్ను పెట్టి లైటు వైపు చూడు" అన్నారు.

కుర్చీలో మా పనికుర్రాణ్ణి కూర్చోబెట్టి, ఫ్లాష్‌లో ఉండే చిన్న బల్బు మాత్రం వెలిగించి, గోడకు చెంప ఆనించి చూశాను. వాడి చెవి బల్బును పూర్తిగా కప్పేసింది. అంతే, అదే నీడ. అక్కడి నుంచి చూస్తే దీపం కనబడదు కాబట్టి అక్కడ చీకటి. తర్వాత లైటుకు తెల్ల గొడుగు తగిలించాను. ఇప్పుడు వెలిగేది బల్బు కాదు, మీటరు వెడల్పున్న గొడుగు. అదే చోట కన్ను పెడితే చెవి చుట్టూ గొడుగు ముప్పావు వంతు కనబడుతోంది. కుర్చీ గోడకు నాలుగడుగులు ముందుకి జరిపేసరికి చెవి మరీ చిన్నదై, గొడుగులో ఏ మూలనో ఒక మచ్చలా మిగిలింది. గోడ మీద నీడ వెతికినా దొరకలేదు. పెద్దాయనకి డబ్బులు తీసుకోకుండా మళ్లీ తీసిచ్చాను.

మాది పర్లాకిమిడి, ఒడిశాలోని గజపతి జిల్లా. ఊరు దాటితే ఆంధ్ర, పాతపట్నం. మా వీధి పిల్లలకి ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. రాత్రి ఏడు దాటాక గిరాకీ ఉండదు కాబట్టి పుస్తకాలు పట్టుకుని స్టూడియోకి వస్తారు. అద్దం పాఠం వచ్చినప్పుడు ఒకడు "పిన్నీ, ప్రతిఫలన అంటే ఏంటి?" అనడిగితే, వాళ్లమ్మ పక్కనే ఉండి "చేసిన పనికి ఇచ్చే డబ్బులురా" అంది. ఒడియాలో ప్రతిఫలన అంటే వెలుగు తిరిగి రావడం, మన పుస్తకాల్లో పరావర్తనం అంటామే, అది. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలకి ఈ గందరగోళం మామూలే. అందుకే నేను మాటలు పక్కన పెట్టి ముందు కన్ను ఎక్కడ పెట్టాలో చెబుతాను. ఈ రాతంతా ఆ పద్ధతే.

ఒక్క మినహాయింపు. సూర్యుడి వైపు మాత్రం కన్ను పెట్టకూడదు. చల్లద్దాలతోనూ కాదు, ఎక్స్‌రే ఫిల్ముతోనూ కాదు, ఫోన్ కెమెరా గుండా అసలే కాదు. సూర్యుడితో చేసేవన్నీ నేల వైపు చూస్తూ చేసేవే. అద్దంతో ఎండను ఎవరి కళ్లలోకీ, ముఖ్యంగా బండి నడిపేవాళ్ల మీదకీ కొట్టకండి. మా కుర్రాడొకడు ఆ పని చేసి ఒక ఆటోవాలా చేత తిట్లు తిన్నాడు. నేనూ ఆటోవాలా పక్షమే.

రాత్రి పూట: టార్చి, ట్యూబ్‌లైటు, పెన్సిలు

గదిలో లైట్లన్నీ ఆర్పేసి, ఫోన్ టార్చిని గోడకు రెండు మీటర్ల దూరంలో నిలబెట్టండి. టార్చికి అర మీటరు ముందు అరచేయి పెడితే గోడ మీద చేయి నాలుగింతలవుతుంది. మీటరు ముందు పెడితే రెండింతలు. గోడకు ఆనిస్తే చేయంతే. లెక్క తేలిక: టార్చి నుంచి గోడకున్న దూరాన్ని, టార్చి నుంచి చేతికున్న దూరంతో భాగించండి. టేపు పెట్టి కొలిచి చూడండి, అరంగుళం అటూ ఇటూగా సరిపోతుంది.

ఇప్పుడు టార్చి ఆర్పి ట్యూబ్‌లైటు వేయండి, నాలుగడుగుల పొడుగుది. ఎల్‌ఈడీదైనా పర్లేదు. దాని కింద బల్ల మీద తెల్ల కాగితం పెట్టి, కాగితానికి జానెడు ఎత్తులో పెన్సిలు పట్టుకోండి. ముందు పెన్సిలు ట్యూబ్‌లైటు ఎటు సాగి ఉందో అటే సాగేలా పట్టండి. కాగితం మీద సన్నటి నీడ గీత గీసినట్టు పడుతుంది. ఇప్పుడు చెయ్యి ఎత్తు మార్చకుండా పెన్సిలును మెల్లగా అడ్డంగా తిప్పండి. తిప్పుతుండగానే నీడ పలచబడి, చెదిరి, మాయమైపోతుంది. పెన్సిలు అక్కడే ఉంది, లైటూ అక్కడే ఉంది, నీడ లేదు! నేను చూపించే వాటన్నిట్లో పిల్లలు నోరు తెరిచేది దీనికే. మొదటిసారి చేసిన పిల్ల పెన్సిలును పది సార్లు అటూ ఇటూ తిప్పింది.

కారణం కావాలంటే కాగితం తీసేసి అక్కడ తల పెట్టండి. పెన్సిలు ట్యూబ్‌లైటు వెంబడే ఉంటే దాన్ని చాలావరకు కప్పేయగలదు. అడ్డంగా తిరిగితే నాలుగడుగుల్లో ఒక అంగుళమో రెండంగుళాలో కప్పుతుంది, మిగతాదంతా మీ కంటికి కనబడుతూనే ఉంటుంది. వెలుగు సరళ రేఖలో పోతుందని పుస్తకంలో ఒక్క వాక్యంలో రాసేస్తారు. పెన్సిలు వెనక నుంచి ట్యూబ్‌లైటును తొంగిచూసిన పిల్లకి ఆ వాక్యం మళ్లీ చెప్పనక్కర్లేదు.

దీపం పూర్తిగా కనబడని చోటు నిండు నీడ, దాన్ని ప్రచ్ఛాయ అంటారు. దీపం కొంత కనబడి కొంత కనబడని చోటు అరకొర నీడ, అది ఉపచ్ఛాయ. నీడ అంచులు మసకగా ఉండడానికి కారణం ఇదే. దీపం ఎంత చిన్నదైతే అంచు అంత పదును.

నీడ ఎప్పుడూ నల్లగానే ఉంటుందనుకోకండి. మన తోలుబొమ్మలు మేకతోలుతో చేసినవి. తోలును వెలుగు కొంత దూరేంత పలచన చేసి రంగులద్దుతారు కాబట్టి తెర మీద సీతమ్మ చీర ఎర్రగానే పడుతుంది. ఇదే ఒడిశాలో, అనుగుల్ జిల్లా వైపు, రావణఛాయ అనే ఆట ఉంది. అందులో బొమ్మలు జింకతోలువి, వెలుగు దూరదు, రంగులుండవు, తెర మీద నల్లటి ఆకారమే. ఒకటి పాక్షిక పారదర్శకం, ఒకటి అపారదర్శకం. పరీక్షలో ఈ రెండు మాటలు తారుమారు చేసే పిల్లలకి ఈ రెండు ఆటలు చెప్పాక తప్పు రాలేదు. చాక్లెట్ రేపరు ఒకటి, అట్టముక్క ఒకటి టార్చి ముందు పెట్టి మీరే చూసుకోండి.

ఎండలో అదే పెన్సిలు

సూర్యుడు చుక్కంత దీపం కాదు. అడ్డంగా దాదాపు 14 లక్షల కిలోమీటర్లుంటాడు. మనకి దాదాపు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అంటే తన వెడల్పుకి సగటున 107 రెట్ల దూరం. ఈ సంఖ్యని 108 చేసి జపమాలకు ముడిపెట్టేవాళ్లని చూశాను. జనవరిలో భూమి కాస్త దగ్గరికెళ్లినప్పుడు ఇది 106కి దిగుతుంది, జూలైలో 109 అవుతుంది. జపమాలని వదిలేసి పెన్సిలు తీసుకోండి.

పెన్సిలు మందం 7 మిల్లీమీటర్లు. దాన్ని 107తో హెచ్చవేస్తే 75 సెంటీమీటర్లు. కాబట్టి ఎండలో పెన్సిలు నేలకి 75 సెంటీమీటర్ల లోపు ఉన్నంతవరకే దానికి నడుమ నిండు నీడ ఉండాలి. అది దాటితే మసక చారే మిగలాలి. డాబా మీద పెన్సిలును గచ్చుకి ఆనించి, మెల్లగా పైకి లేపుతూ పోండి. నడుము ఎత్తు దాటేసరికి నీడ నలుపు విరిగిపోవడం కనబడుతుంది. ఈ లెక్కతోనే, ఎత్తున తిరిగే గద్దకి నేల మీద నీడ ఎందుకు కనబడదో తెలుస్తుంది. రెక్క వెడల్పు ఒక అడుగనుకుంటే, 107 అడుగుల పైన దానికి నిండు నీడ నేల దాకా రాదు. కోడిపిల్లల మీదకి దిగేటప్పుడు మాత్రం నీడ ముందొస్తుంది.

ఇదే సంఖ్య చింతచెట్టు కింద కూడా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం చెట్టు కింద నేల మీద పడే వెలుగు మచ్చలు చూడండి. ఆకుల మధ్య సందులు గుండ్రంగా ఉండవు, వంకరటింకరగా, మూడు మూలలుగా ఉంటాయి. కింద మచ్చలు మాత్రం గుండ్రంగా బిళ్లల్లా ఉంటాయి. ప్రతి బిళ్లా ఒక సూర్యుడి బొమ్మ. సందు మూడు మీటర్ల ఎత్తులో ఉంటే బిళ్ల వెడల్పు 300ను 107తో భాగిస్తే వచ్చే 2.8 సెంటీమీటర్లకి దగ్గరగా ఉంటుంది. దీన్నే తిప్పి చేస్తే, బిళ్ల వెడల్పు కొలిచి కొమ్మ ఎంత ఎత్తులో ఉందో చెప్పొచ్చు.

2019 డిసెంబరు 26న ఉదయం సూర్యగ్రహణం. వీధిలో సగం ఇళ్లు తలుపులు వేసుకున్నాయి. గ్రహణం పడుతుండగా మా షట్టరు ముందున్న చెట్టు కింద సిమెంటు గచ్చు నిండా వందల నెలవంకలు. గాలికి ఆకు కదిలితే అన్నీ కలిసి కదులుతున్నాయి. ఇంట్లోంచి చిల్లుల గరిటె తెచ్చి పట్టుకుంటే దాని ప్రతి చిల్లు కిందా ఒక నెలవంక. ఆకాశం వైపు ఒక్కసారి తలెత్తకుండా గ్రహణమంతా చూశాను. ఈసారి గ్రహణం వచ్చినప్పుడు మీరు చేయాల్సింది కూడా అదే. గరిటెను ఎంత పైకి పట్టుకుంటే నెలవంక అంత పెద్దది, కానీ అంత పలచన.

బొమ్మ తలకిందులుగా పడుతుందని గమనించడానికి నాన్న పాత కెమెరా మాకు పనికొచ్చింది. నల్లగుడ్డ కింద దూరి చూస్తే వెనక గాజు మీద మనిషి తలకిందులు. మీకు షూ డబ్బా చాలు. ఒక వైపు సూదితో చిల్లు, ఎదుటి వైపు అట్ట కోసి ట్రేసింగ్ పేపరు, తల మీద దుప్పటి. వీధిలో వెళ్లే రిక్షా చక్రాలు పైకి పెట్టి వెళుతుంది. పై నుంచి వచ్చే వెలుగు చిల్లు గుండా తిన్నగా కిందికి, కింది నుంచి వచ్చేది పైకి. వేరే దారి లేదు కదా.

డాబా మీద మీటరు కర్ర

ఇది ఏడాది పొడుగునా సాగే పని. ఓపిక లేనివాళ్లు కనీసం మే నెలలో ఒక్కరోజు చేయండి.

సరిగ్గా 100 సెంటీమీటర్ల నిటారు కర్ర ఒకటి, మట్టి నింపిన కుండీలో పాతండి. దారానికి నట్టు కట్టి పక్కన వేలాడదీసి, కర్ర రెండు వైపుల నుంచీ దారానికి సమాంతరంగా ఉందో లేదో చూడండి. కర్ర ఒరిగితే మిగతాదంతా వృథా. పదకొండున్నర నుంచి పన్నెండుంపావు దాకా ఐదేసి నిమిషాలకోసారి నీడ కొన దగ్గర సుద్దతో చుక్క పెట్టి పక్కన టైము రాయండి. కొన మసకగా ఉంటుంది, అది మీ తప్పు కాదు, పైన చెప్పిన ఉపచ్ఛాయే. ముదురు భాగం అయిపోయే చోటుకీ మసక అయిపోయే చోటుకీ మధ్యన చుక్క పెట్టండి. అన్నిటికంటే పొట్టి నీడ పడిన క్షణం మీ ఊరి అసలు మధ్యాహ్నం. ఆ నీడ గీత సరిగ్గా ఉత్తర దక్షిణాలు చూపిస్తుంది.

పర్లాకిమిడి దాదాపు 18.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మార్చి 21, సెప్టెంబరు 23 అటూ ఇటూగా మీటరు కర్రకి మధ్యాహ్నపు నీడ 34 సెంటీమీటర్లు. డిసెంబరు 22న 91 సెంటీమీటర్లు, అంటే దాదాపు కర్రంత. ఇవి రెండూ ఉత్తరం వైపు పడతాయి. జూన్ 21న మాత్రం 8 సెంటీమీటర్లే, అదీ దక్షిణం వైపు. కర్కట రేఖకి దక్షిణాన ఉన్న మన ఊళ్లలో సూర్యుడు ఏడాదిలో కొన్నాళ్లు మధ్యాహ్నం వేళ మన నడినెత్తికి ఉత్తరంగా నడుస్తాడు. ఢిల్లీ పిల్లలకి ఇది ఎప్పటికీ కనబడదు. ఇటు నుంచి అటు దాటే రోజులు రెండు: మే 15 ప్రాంతం, జూలై 28 ప్రాంతం. ఆ రోజు మధ్యాహ్నం కర్ర నీడ కర్ర కిందే ఉంటుంది. కుండీ, బకెట్, చెంబు, దేనికీ పక్కన నీడ ఉండదు. జూలైలో మబ్బులు మనకి ఛాన్సివ్వవు, అందుకే మే నెల అన్నాను.

గడియారంలో పన్నెండు కొట్టగానే నీడ మాయమవుతుందని కాచుకుంటే మాత్రం మోసపోతారు. మన దేశం గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని పట్టుకుని నడుస్తుంది. పర్లాకిమిడి దానికి ఒకటిన్నర డిగ్రీ తూర్పున ఉంది, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మాకు మధ్యాహ్నం ఆరు నిమిషాలు ముందే వస్తుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే వేగంలో తేడాల వల్ల, ఇరుసు ఒరిగి ఉండడం వల్ల మే నెల మధ్యలో ఇంకో నాలుగు నిమిషాలు ముందుకి జరుగుతుంది. మొత్తం మీద మాకు మేలో నీడ పోయేది 11 గంటల 50 నిమిషాలకి. అదే జూలై చివర్లో పన్నెండు గంటలకి.

ఈ లెక్క నమ్మశక్యం కాక పరీక్ష చేశాం. మా అక్కావాళ్లు కొరాపుట్ జిల్లా జయపురంలో ఉంటారు. ఆ ఊరు 82.5 రేఖ దగ్గరే ఉంది, అక్షాంశం మాత్రం మాకూ వాళ్లకీ దాదాపు ఒకటే. అక్క కూతురు వాళ్ల డాబా మీద, నేను మా డాబా మీద, ఫోన్‌లో మాట్లాడుకుంటూ చుక్కలు పెట్టాం. నా కర్ర నీడ పోయిన ఐదారు నిమిషాలకి "పిన్నీ, పోయింది పోయింది!" అని అరిచింది. రెండూళ్ల మధ్య ఉన్న కొండలన్నీ దాటడానికి సూర్యుడికి పట్టిన టైము అది. బస్సుకైతే రోజంతా పడుతుంది.

కర్ర నీడతో తాటిచెట్టు ఎత్తు కొలవడం మీ పుస్తకంలోనే ఉంటుంది కాబట్టి వదిలేస్తున్నాను. కాకపోతే ఒక మాట. 1835లో ఒడిశా ఖండపడాలో పుట్టిన పఠాణి సామంత అనే ఆయన కర్రా వెదురూ చెక్కి తానే చేసుకున్న పరికరాలతో కొండల ఎత్తులూ గ్రహాల నడకా కొలిచాడు. మా వీధి పిల్లలు దుకాణంలో సామాన్లు లేవని గొణిగినప్పుడు ఆయన పేరు తీస్తాను.

అద్దాలు: లైటు లేని చోట లైటు

కళ్లజోడు పెట్టుకున్నవాళ్ల ఫొటో తీయడం మా వృత్తిలో తలనొప్పి. కళ్లున్న చోట రెండు తెల్ల మచ్చలు పడతాయి. ఇక్కడా నాన్న చెప్పిందే. ఈసారి కన్ను పెట్టాల్సింది కెమెరా ఉన్న చోట. అక్కడి నుంచి చూస్తే జోడు అద్దాల్లో నా గొడుగు కనబడుతుంది. లైటును కొంచెం కొంచెంగా పైకి లేపుతూ పోతే గొడుగు అద్దాల అంచుకి జారి మాయమవుతుంది. పై నుంచి వాలి తగిలిన వెలుగు అంతే వాలుగా కిందికి పోతుంది, కెమెరాకి అందదు. పతన కోణం, పరావర్తన కోణం సమానం అని ఆరుసార్లు ఇంపోజిషన్ రాసిన పిల్లలకి కూడా ఇది చూస్తేనే నమ్మకం.

కోణాలు కొలిచి చూడాలంటే పొద్దున ఏడింటి ఎండ కావాలి, నేల మీద పాక్కుంటూ వచ్చే ఎండ. తెల్ల కాగితం నేల మీద పరిచి, చిన్న అద్దాన్ని క్లిప్పుతో నిటారుగా నిలబెట్టి, ఎండ వచ్చే వైపు దువ్వెన నిలబెట్టండి. పళ్ల సందుల్లోంచి గీతలు గీతలుగా ఎండ వచ్చి అద్దాన్ని తాకి తిరుగుతుంది. వచ్చే గీత ఒకటి, పోయే గీత ఒకటి పెన్సిలుతో గీసుకోండి. ఇక్కడే చాలామందికి రెండు మూడు డిగ్రీలు తేడా వచ్చి, కోణమాపినిని తిడతారు. అసలు సంగతి: మామూలు అద్దంలో వెండి పూత గాజు వెనకాల ఉంటుంది. గోరు అద్దానికి ఆనించి చూడండి, గోరుకీ దాని ప్రతిబింబానికీ మధ్య సందు కనబడుతుంది. కాబట్టి గీతలు రెండూ అద్దం ముందు అంచు మీద ఒకే చోట కలవవు. వాటిని బలవంతంగా అక్కడ కలపకుండా, ఉన్నవి ఉన్నట్టు వెనక్కి పొడిగించండి. గాజు లోపల ఎక్కడో కలుస్తాయి. అక్కడ కొలిస్తే లెక్క సరిపోతుంది.

నిలువెత్తు మనిషి కనబడడానికి నిలువెత్తు అద్దం అక్కర్లేదు, సగం చాలు. 140 సెంటీమీటర్ల పిల్లకి 70 సెంటీమీటర్లు. అద్దంలో తల కనబడే చోట ఒక బొట్టుబిళ్ల, పాదాలు కనబడే చోట ఒకటి అంటించి మధ్య దూరం కొలవండి. వెనక్కి జరిగితే తగ్గుతుందేమో అని అందరూ జరుగుతారు. జరిగి చూడండి.

పరావర్తనం అంటే అద్దమే గుర్తొస్తుంది గానీ, కాగితం, గోడ, మీ మొహం కూడా వెలుగును తిప్పి పంపుతూనే ఉన్నాయి. మా ఊరు కొమ్ము పనికి పేరు. కొమ్ముతో కొంగలు, రొయ్యలు చేసేవాళ్లు ఫొటోలకి మా దగ్గరికి వస్తారు. రంపంతో కోసిన కొమ్ము ముక్క బూడిదలా మొద్దుగా ఉంటుంది. దాని మీద తగిలిన వెలుగు గరుకు వల్ల తలో దిక్కుకీ చెదిరిపోతుంది, ఎటు నుంచి చూసినా ఒకేలా కనబడుతుంది. అదే ముక్కని రుద్ది రుద్ది మెరుగు పెట్టి తెస్తే దాని మీద నా గొడుగు, కిటికీ, కెమెరా పట్టుకున్న నేను, అన్నీ కనబడతాయి. మొదట్లో ఆ మెరుపు ఫొటోలో పాడుచేస్తోందని లైటు మార్చి మార్చి విసిగాను. మెరిసే వస్తువు ఫొటో అంటే దాని ఎదురుగా ఉన్నవాటి ఫొటో అని తెలిశాక, దాని చుట్టూ తెల్ల పంచె గుడారంలా కట్టి తీయడం మొదలుపెట్టాను. వాన రాత్రి తారు రోడ్డు కూడా ఇంతే. పొడి రోడ్డు హెడ్‌లైటు వెలుగును చెదరగొట్టి కొంత మన కంటికి తిప్పి పంపుతుంది. తడిస్తే నీటి పొర నున్నగా అయి, మన లైటు వెలుగు ముందుకే జారిపోతుంది, ఎదుటి బండి లైటు మన కళ్లలో పొడుస్తుంది.

మహేంద్రతనయ నది ఒడ్డున నీళ్లు నిలిచిన చోటికి వెళ్లినప్పుడు పాదాల దగ్గర చూడండి, అడుగున ఇసుక కనబడుతుంది. తిన్నగా కిందికి చూసినప్పుడు నీరు నూటికి రెండు వంతుల వెలుగే తిప్పి పంపుతుంది మరి. తల ఎత్తి అవతలి ఒడ్డు వైపు చూస్తే ఇసుక లేదు, చెట్లు తలకిందులుగా నిలబడి ఉన్నాయి. చూపు ఎంత వాలితే నీరు అంత అద్దమవుతుంది.

ఇక కుడి ఎడమల గొడవ. అద్దం కుడిని ఎడమ చేస్తుందని అందరూ అంటారు. నాకు ఆ మాట నచ్చదు. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కవరు మీద స్కెచ్ పెన్నుతో మీ పేరు రాయండి. మీకు చదవడానికి వీలుగా మీ ముందు పట్టుకుని, కవరు గుండా అద్దంలోకి చూడండి. అద్దంలో కూడా పేరు తిన్నగానే ఉంటుంది! కాగితం మీద రాసినప్పుడు తిరగబడిందంటే, అద్దానికి చూపించడం కోసం కాగితాన్ని తిప్పింది మీరే. అద్దం మార్చేది ముందు వెనకలని. మీరు ఉత్తరం వైపు చూస్తుంటే అద్దంలో మనిషి దక్షిణం వైపు చూస్తాడు. మీ తూర్పు చెయ్యి అక్కడా తూర్పునే ఉంటుంది.

రెండు చిన్న అద్దాలు తీసుకుని వెనక టేపు వేసి పుస్తకంలా తెరుచుకునేలా అంటించండి. మధ్యలో రూపాయి బిళ్ల పెట్టండి. 90 డిగ్రీలు తెరిస్తే మూడు ప్రతిబింబాలు, 60కి మూస్తే ఐదు. 360ని కోణంతో భాగించి ఒకటి తీసేయాలి. ఇప్పుడు మళ్లీ 90కి తెరిచి, అద్దాలు కలిసే గీత ముక్కుకి ఎదురుగా వచ్చేలా మొహం పెట్టండి. కుడి కన్ను కొట్టి చూడండి. ఎదుటి మనిషి తన కుడి కన్నే కొడతాడు. రెండు సార్లు తిరిగొచ్చిన వెలుగు అది. లోకానికి మీరు ఎలా కనబడతారో అలాంటి మొహం.

ఎవరికీ ఆ మొహం నచ్చదు. పాపిట అటు వైపు ఉంటుంది, మూతి వంకరగా అనిపిస్తుంది. రోజూ అద్దంలో చూసుకుని అలవాటైన మొహం వేరు. "ఫొటోలో నేనిలా ఉన్నానేంటమ్మా, సరిగ్గా తీయలేదు" అనేవాళ్ల బాధ సగం ఇదే. అందుకని ఆ జంట అద్దాన్ని కౌంటరు మీదే ఉంచుతాను. ఫొటో బాగోలేదన్నవాళ్లకి ముందు అందులో మొహం చూసుకోమంటాను. కొందరు కాసేపు చూసి ఒప్పుకుంటారు. కొందరు ఒప్పుకోకుండా ఇంకో నాలుగు కాపీలు ఫ్రీగా అడుగుతారు.